రైల్వే నౌకరీ, గజాల లెక్క



క్యాలెండర్లు, పాటల పుస్తకాలు తేవడానికి పోయిన నెల సికింద్రాబాద్ బైబిల్ హౌస్‌కు వెళ్లాను. మూట కట్టించుకుని బయటికి వస్తుంటే మన సంఘ సహోదరుడొకరు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, స్టేషన్ ఎదురుంగ ఆల్ఫా హోటల్ల కూసుందాం, మీతోని ఒక ముచ్చట చెప్పాలె" అన్నాడు. వెళ్లాను. చాయ్ రాకముందే ఒక కవరు తీసి బల్లమీద పెట్టాడు. ఇంట్లో ఏదో శుభకార్యమేమో, పత్రిక అనుకున్నాను. తెరిస్తే రాజీనామా లేఖ. రైల్వేలో పద్దెనిమిదేళ్ల నౌకరీ. "సోమవారం ఇస్తున్న అయ్యగారూ. మీరు చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యండి. ఇగ నుంచి ఫుల్ టైం ప్రాపర్టీ ఇన్వెస్ట్‌మెంటే."

నేను చెయ్యి పెట్టలేదు. "సోమవారం వద్దు నాయనా, కొన్నాళ్లు ఆగు" అన్నాను. అతని ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. మూడో వారం వచ్చి, "నా పేరు పెట్టకుండ రాయండి అయ్యగారూ. మీరెందుకు వద్దన్నరో అందరికీ తెల్వని" అన్నాడు. కోపంతో అన్నాడో, నిజంగానే అడిగాడో చెప్పలేను. కానీ ఇది అతనొక్కడి సంగతి కాదు గనుక రాస్తున్నాను. మన ఊళ్ల నుండి పొద్దున బండికి సికింద్రాబాద్ వెళ్లి సాయంత్రం బండికి తిరిగొచ్చే మన వాళ్లలో కనీసం అరడజను మంది జేబుల్లో ఏదో ఒక వెంచర్ విజిటింగ్ కార్డులున్నాయి. అందరూ నాకూ ఒకటిచ్చారు.

ముందు అతని వాదన ఉన్నదున్నట్టు చెప్పాలి. అది తెలివిలేని వాదన కాదు. 2013లో బీబీనగర్ దగ్గర 200 గజాలు రెండున్నర లక్షలకు కొన్నాడు. అప్పుడు నవ్విన వాళ్లున్నారు. తర్వాత ఎయిమ్స్ వచ్చింది. 2021లో అదే ప్లాటు పదహారు లక్షలకు పోయింది. "ఎనిమిదేండ్లు నైట్ డ్యూటీలు చేసి నేను కూడబెట్టింది ఎంత, ఆ జాగ ఊకె పండుకొని సంపాదించింది ఎంత?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పైగా టీవీలో చూస్తూనే ఉన్నాం. 2023 ఆగస్టు 3న కోకాపేట నియోపోలిస్ వేలంలో ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం రెండు లక్షల ఎనిమిది వేలు. ఒక చాప పరిచినంత నేల ఒక ఉద్యోగి నాలుగైదు నెలల జీతం. అది విన్న మనిషికి రాత్రి రెండింటికి లేచి డ్యూటీకి పోవాలంటే కాళ్లు ఎలా కదులుతాయి? మన పక్కనుండే రీజినల్ రింగ్ రోడ్డు పోతుందంటున్నారు. సంగారెడ్డి నుండి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా గీత గీశారు. ఆ గీత ఎటు జరిగితే అటు ధర జరుగుతుంది. ఆ గీత కింద పొలం పోయే రైతులు ధర్నాలు చేస్తుంటే, దాని పక్కన పొలం ఉన్నవాళ్లు మిఠాయిలు పంచుతున్నారు.

అతను ఇంకొక మాట కూడా అన్నాడు. అది నాకు గుచ్చుకుంది. "మీరు కూడ నౌకరీ ఇడిసిపెట్టే కదా అయ్యగారూ సేవకొచ్చిండ్రు? మీరు ఇడిస్తే విశ్వాసం, నేను ఇడిస్తే ఆశనా?"

నిజమే. నేనూ వదిలినవాణ్ణే. కానీ నేను వదిలింది ఒక ప్రైవేటు కంపెనీలో చిన్న ఉద్యోగం. వదిలిననాడు నాకు పిల్లలు లేరు, మా ఇంటామెకు కుట్టుమిషను ఉంది. అప్పటికీ రెండేళ్లు మా మామగారి బియ్యమే తిన్నాం. కాబట్టి ఉద్యోగం వదలడమే పాపమని నేను చెప్పడం లేదు. మత్తయి సుంకపు మెట్టు వదిలాడు, పేతురు వలలు వదిలాడు. ఈ మధ్య వెంచర్ మీటింగుల్లో స్టేజీ మీద ఈ కథలే చెబుతున్నారట. అబ్రాహాము కల్దీయుల ఊరు విడిచి రాకపోతే కనాను దొరికేదా, మీరు కూడా మీ ఊరు విడవండి అని. విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అబ్రాహాము బయలుదేరింది ఎక్కడ రేటు పెరుగుతుందో చూసుకుని కాదు. దేవుడు పిలిస్తే, ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండా వెళ్లాడు. ఆ దేశమంతటిలో బ్రతికినన్నాళ్లు డేరాల్లో ఉన్నాడు. అతను డబ్బిచ్చి కొన్న నేల ఆదికాండము 23లో ఉంది. భార్యను పాతిపెట్టడానికి ఒక గుహ, దాన్ని చుట్టుకున్న పొలం. ఎఫ్రోను ఊరికే ఇస్తానని మర్యాదకు అంటే కాదని, ఊరి గవిని దగ్గర అందరి ముందు 400 తులాల వెండి తూచి ఇచ్చాడు.

భూమి కొనడం తప్పని కూడా వాక్యం చెప్పదు. సామెతలు 31లోని గుణవతి పొలాన్ని చూసి, ఆలోచించి, తన చేతి కష్టార్జితంతో దాన్ని తోట చేస్తుంది. యిర్మీయా చెరసాల ఆవరణలో ఉండగా, పట్టణం చుట్టూ శత్రువు ముట్టడి వేసి ఉండగా, అనాతోతులో పినతండ్రి కొడుకు పొలం 17 తులాల వెండికి కొన్నాడు. ఆ 32వ అధ్యాయాన్ని ఒకసారి నెమ్మదిగా చదవండి. సాక్షులు సంతకాలు పెట్టారు, వెండి త్రాసులో తూచారు, ముద్ర వేసిన పత్రం ఒకటి, వేయని పత్రం ఒకటి, రెండూ బారూకు చేతికిచ్చి మట్టికుండలో దాచమన్నారు. మన దగ్గర పాంప్లెట్ మీద మ్యాపు చూసి, ఏసీ బస్సులో బిర్యానీ తిని టోకెన్ అడ్వాన్స్ కట్టి వచ్చేవాళ్లకు చెరలో ఉన్న ఆ ప్రవక్త జాగ్రత్తలో పదోవంతు కూడా లేదు.

మరి నేనెందుకు చెయ్యి పెట్టలేదు?

మొదటిది లెక్క. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు. మేమూ ఆల్ఫాలో కూర్చుని టిష్యూ కాగితం మీద వేశాం. అన్నీ కలిపి అతని చేతికి వచ్చేది సుమారు ముప్పై అయిదు లక్షలు, అందులో భార్య బంగారం మీద తెచ్చే అప్పు కూడా ఉంది. నెల ఖర్చు నలభై అయిదు వేలు. రాజీనామా చేస్తే మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ ఖాళీ చేయాలి గనుక అద్దె అదనం. ఇప్పుడు ఆ ముప్పై అయిదు లక్షలతో ప్లాట్లు కొన్నాడనుకుందాం. ప్లాటు నెలనెలా జీతమివ్వదు. దానికి కావలసింది ఓపిక. బీబీనగర్ ప్లాటు ఎనిమిదేళ్లు ఎందుకు ఆగగలిగింది? నెల మొదట్లో రైల్వే జీతం అతని ఖాతాలో పడింది గనుక. "జాగ ఊకె పండుకొని సంపాదించింది" అన్నాడే, దాన్ని పండుకోనిచ్చింది ఆ నైట్ డ్యూటీలే. అవి లేకుంటే పిల్ల ఫీజుకు రెండో ఏడే ఆ ప్లాటు అమ్మేవాడు.

పోనీ ఫ్లాట్ కొని అద్దెకిద్దామంటే, యాభై లక్షల ఫ్లాట్‌కు పద్నాలుగు పదిహేను వేలు అద్దె వస్తే గొప్ప. దానికి నలభై లక్షలు అప్పు తెస్తే, ఎనిమిదిన్నర వడ్డీకి ఇరవై ఏళ్ల కిస్తీ నెలకు దాదాపు ముప్పై నాలుగు వేల ఏడు వందలు. అసలు జీతం స్లిప్పు లేనివాడికి అంత అప్పు ఇచ్చేదెవరు? ఇన్నాళ్లు బ్యాంకు మేనేజరు నమస్తే పెట్టింది ఆ స్లిప్పుకే. కొని వెంటనే అమ్ముదామంటే, మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ఇరవై లక్షల ప్లాటుకు లక్షన్నర. అది పోను, మధ్యవర్తికి పోను, పన్నుకు పోను మిగలాలి. రిజిస్ట్రేషన్ లేకుండా అగ్రిమెంటు కాగితాల మీదే చేతులు మారుస్తామంటారు. నూరు గొడవల్లో తొంభై అక్కడే పుడతాయి.

అంటే ముప్పై అయిదు లక్షలున్న మనిషి పూర్తికాలం పెట్టుబడిదారుడు కాలేడు. కొద్ది నెలల్లోనే అతను చేయగలిగింది ఒకటే ఉంటుంది, ఇతరుల చేత కొనిపించి కమీషన్ తీసుకోవడం. పేరు ఇన్వెస్టర్, పని ఏజెంటు. ఏజెంటు పని నీచమని కాదు. నిజాయితీగా చేసేవాళ్లు నాకు తెలుసు. కానీ తాను మొదలుపెడుతున్నది ఏ పనో మనిషికి ముందే తెలియాలి. నేనప్పుడు అతన్ని ఒక్కటే అడిగాను. "మొదటి ఏడాది ఎవరికి అమ్ముతావు?" కొంచెం ఆలోచించి, "మనోళ్లే ఉన్నరు కదా అయ్యగారూ" అన్నాడు.

ఆ మాట దగ్గర నా చాయ్ చల్లారిపోయింది. ఎందుకో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. సంఘంలో పాతవాళ్లకు తెలుసు, కొత్తవాళ్లకు తెలియదు.

2011లో ఒక సంస్థవాళ్లు నా దగ్గరికి వచ్చారు. ఆలేరు దాటాక వెంచర్, నెలకు రెండు వేల చొప్పున కడితే 150 గజాలు. పది మందిని చేర్పిస్తే పాస్టరుగారికి ఒక ప్లాటు ఉచితం. వచ్చినవాడు బైబిలు పట్టుకునే వచ్చాడు, వెళ్లేముందు మోకాళ్లూని ప్రార్థన కూడా చేయించుకున్నాడు. అప్పటికి మాకు సొంత గూడు లేదు. నేను ఆశపడ్డాను. ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రకటనల సమయంలో, వివాహ ప్రకటనకూ ఉపవాస ప్రార్థన ప్రకటనకూ మధ్య ఆ వెంచర్ సంగతి చెప్పాను. బలవంతం చేయలేదు. "ఇష్టమున్నవాళ్లు" అనే అన్నాను. అయ్యగారు చెప్పారంటే అది ఇష్టమెలా అవుతుంది? ఏడు కుటుంబాలు చేరాయి. అందులో ఒకామె బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క. ఆమె నెలనెలా రెండు వేలు నా చేతికే ఇచ్చేది, ఆఫీసుకు పోవడం ఆమెకు తెలియదు గనుక. నేనే కట్టి రసీదు తెచ్చేవాణ్ణి. ఇరవై మూడు రసీదులు. ఒకనాడు వెళ్తే ఆఫీసుకు తాళం. పక్క దుకాణం అతను నా చేతిలో రసీదు పుస్తకం చూసి, "నిన్న ఇంకా నలుగురు వచ్చి పోయిండ్రు సార్" అన్నాడు.

ఆ అక్క డబ్బు నలభై ఆరు వేలు. నెలకు వెయ్యి చొప్పున దాదాపు నాలుగేళ్లు తీర్చాను. ఆమె వద్దంటూనే తీసుకుంది, అది ఆమె మంచితనం. మిగతావాళ్లలో ఇద్దరు "పోనియ్యండి అయ్యగారూ" అన్నారు. రెండు కుటుంబాలు సంఘం మానేశాయి, ఇప్పుడు ఏ సంఘానికీ పోవడం లేదు. నాలుగు సమాధుల అవతల వాళ్ల ఇల్లు నాకు రోజూ కనిపిస్తుంది. పోలీసు కేసు పెట్టాం, అది ఏమీ కాలేదు. నేను ఒక్క రూపాయి కట్టలేదు, నాకు రావలసింది ఉచితం కదా. సంఘమంతటిలో ఆ వెంచర్‌లో ఏమీ పోగొట్టుకోని ఒకే ఒక్కడు కాపరి. యెహెజ్కేలు 34 చదివినప్పుడల్లా నా గొంతు పట్టుకుంటుంది.

ఇలా పోయినవాళ్లం మనమొక్కరమే కాదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంగతి మీకు తెలుసు. ప్లాట్లు ఇస్తామని, లేదంటే డబ్బు పెంచి ఇస్తామని లక్షల మంది దగ్గర కట్టించుకుంది. చెల్లింపులు ఆగిపోయాక ఛైర్మన్‌ను 2016 ఫిబ్రవరిలో అరెస్టు చేశారు. ఆ సంస్థ ఊరూరా పెరిగింది ఏజెంట్ల వల్ల. ఆ ఏజెంట్లు ఎవరు? చిన్న జీతగాళ్లు, అంగన్‌వాడీ అక్కలు, పదిమందిలో పేరున్నవాళ్లు. కంపెనీ కూలినప్పుడు జనం విజయవాడ ఆఫీసుకు పోలేదు, పక్కింటి ఏజెంటు గడప ముందుకొచ్చి కూర్చున్నారు. ప్రాణాలు తీసుకున్న వాళ్లున్నారు. 2019లోనూ 2021లోనూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న డిపాజిట్లవాళ్లకు కొంత తిరిగిచ్చింది. పోయిన చుట్టరికాలు తిరిగిచ్చే ప్రభుత్వం లేదు. హైదరాబాద్‌లో ప్రీ లాంచ్ పేరుతో, అనుమతులు రాకముందే, సగం ధరకే ఫ్లాట్ అని డబ్బు వసూలు చేశారన్న కేసులు చూశాం. సాహితీ ఇన్‌ఫ్రా ఎండీని 2022 డిసెంబరులో అరెస్టు చేసింది అలాంటి ఆరోపణ మీదే. అక్కడ కట్టినవాళ్లలో చదువుకున్నవాళ్లు, మంచి ఉద్యోగాలున్నవాళ్లు ఎందరో.

సికింద్రాబాద్ నుండే ఇంకో కథ ఉంది, అది పెద్దవాళ్లది. సత్యం కంప్యూటర్స్ 1987లో సికింద్రాబాద్ పీ అండ్ టీ కాలనీలో కొద్దిమందితో మొదలైంది. ప్రపంచమంతా ఎదిగింది. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ డబ్బుతో, యజమాని కుటుంబానికే చెందిన మేటాస్ అనే భూముల, నిర్మాణాల సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనబోయి, మదుపరులు తిరగబడితే గంటల్లో వెనక్కి తగ్గారు. మూడు వారాలకు, 2009 జనవరి 7న, ఖాతాల్లో చూపించిన అయిదు వేల కోట్లకు పైగా సొమ్ము అసలు లేనేలేదని ఛైర్మన్ ఉత్తరం రాశారు. మేటాస్ అన్న మాటను వెనక నుండి ఇంగ్లీషులో చదివితే సత్యమే వస్తుంది. వేలమంది ఇంజినీర్ల కష్టం మీద నిలబడ్డ సంస్థను నేల వైపు తిప్పబోతే ఇలా అయింది. దేశంలోని పెద్ద పెద్ద ఆడిటర్లు, డైరెక్టర్లు పట్టుకోలేకపోయిన సంగతి మన సహోదరుడు వెంచర్ యజమాని ముఖం చూసి పట్టుకుంటానంటున్నాడు.

ఇంకొక మాట, మన సంఘాలవాళ్లకే ప్రత్యేకం. మనలో చాలామంది తాతలకు ప్రభుత్వం ఇచ్చిన లావణి పట్టా భూములున్నాయి. 1977 చట్టం ప్రకారం భూమిలేని పేదలకు పంచిన ఆ అసైన్డ్ భూమి అమ్మకూడదు, కొనకూడదు, రాయించుకున్నా చెల్లదు. అయినా పిల్ల పెళ్లికి, ఆస్పత్రికి అవసరం చూసి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని, ఎకరా నాలుగు లక్షలకు తీసుకుని, వెనక నుండి గజాల్లో కోసి అమ్మేవాళ్లు మన చుట్టూ తిరుగుతున్నారు. ఎవరికి ఏ అవసరముందో వాళ్లకెలా తెలుస్తుంది? లోపలి మనిషి చెప్పాలి. ప్రార్థన మనవులు వినేవాడు, ఏ ఇంట్లో జబ్బుందో తెలిసినవాడు. నాబోతు ద్రాక్షతోట కావాలని అహాబు ముఖం తిప్పుకుని పడుకున్నాడు, యెజెబెలు ముద్రలు వేసి తాకీదులు పంపింది. కానీ పని పూర్తి చేసింది నాబోతు ఊరి పెద్దలే, అతన్ని పేరుపెట్టి పిలిచే పొరుగువాళ్లే. సహోదరుడా, నువ్వు అలా చేస్తావని నేను అనడం లేదు. ఫీజు కట్టే తేదీ దగ్గర పడి, మూడు నెలలుగా కమీషన్ రాకుండా ఉన్న రోజున అలాంటి భూమి ఒకటి నీ ముందుకొస్తుంది. నేను భయపడుతున్నది ఆ రోజు గురించి. ఉచిత ప్లాటు నా ముందుకొచ్చింది కూడా మాకు గూడు లేని రోజుల్లోనే.

ఆదివారం సంగతి కూడా చెప్పాలి. సైట్ విజిట్లు ఎప్పుడు పెడతారు? కొనేవాళ్లకు సెలవుండే రోజే. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఆదివారం పొద్దున నిలబడి చూడండి, ఎన్ని కార్లు యాదాద్రి వైపు, ఎన్ని వరంగల్ వైపు పోతుంటాయో. లూకా 14లో విందుకు పిలిచినప్పుడు మొదటివాడు చెప్పిన సాకు గుర్తుందా? పొలం కొన్నాడట, చూసి రావాలట. కొనకముందు చూడాలి గానీ కొన్నాక చూడడమేమిటని చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు అర్థమవుతోంది. ఈ రెండేళ్లలో అతను ఎన్ని ఆదివారాలు రాలేదో నా రిజిస్టరులో ఉంది, నేను వేలెత్తి చూపను. రైల్వేవాళ్లకు ఆదివారం డ్యూటీలు పడతాయి, వాళ్లు నైట్ డ్యూటీ దిగి ఎర్రబడ్డ కళ్లతో వచ్చి వెనక బెంచీలో కూర్చున్నప్పుడు నాకు ఎంతో ధైర్యంగా ఉంటుంది. సైట్‌కు పోయినవాడు మాత్రం తిరిగొస్తూ ఆగడు.

ఉద్యోగంలో ఉంటూనే పక్కన ఇది చేస్తున్నవాళ్లకు కూడా ఒక మాట. రైల్వే ఉద్యోగుల ప్రవర్తన నియమాలు 1966లో ఉన్నాయి. అనుమతి లేకుండా సొంత వ్యాపారం చేయకూడదని 15వ నియమం. భార్య పేరున ఉన్న కమీషన్ ఏజెన్సీకి నువ్వు తిరిగి గిరాకీ తెచ్చినా అది ఉల్లంఘనే అని అందులోనే ఉంది. కాబట్టి "నా పేరున లేదు కదా" అన్న మాట దేవుని ముందే కాదు, ఆఫీసులోనూ చెల్లదు.

మా సహోదరుడు 2004 తర్వాత చేరినవాడు, పాత పెన్షన్ లేదు. అరవై రాకముందే బయటికొస్తే కొత్త పెన్షన్ నిధిలో కనీసం 80 శాతం నెలవారీ పెన్షన్ ప్లాన్‌లో పెట్టాలి, చేతికొచ్చేది 20 శాతమే. టిష్యూ కాగితం మీద అతను మొత్తం నిధినీ పెట్టుబడిలో కలిపేశాడు. ఆ గీత కొట్టేస్తే ముప్పై అయిదు ఇరవై రెండుకు దిగింది. రిటైరైనవాళ్లకిచ్చే రైల్వే వైద్యానికి 20 ఏళ్ల సర్వీసు ఉండాలి. అతనికి ఇంకా రెండేళ్లు తక్కువ. వాళ్లమ్మ షుగరు మందులు నెలనెలా లాలాగూడ రైల్వే ఆస్పత్రి నుండే వస్తున్నాయి.

మేం కూర్చున్న బల్ల నుండి స్టేషన్ కనబడుతోంది. 2022 జూన్ 17న ఆ ప్లాట్‌ఫారాల మీదే పిల్లలు బోగీలు తగలబెట్టారు. సైన్యంలో ఉద్యోగం నాలుగేళ్లకే పరిమితం చేశారని, అగ్నిపథ్ వద్దని. పోలీసు కాల్పుల్లో ఒక పిల్లవాడు చనిపోయాడు. వాళ్లు చేసింది సరి అనను. పర్మినెంట్ నౌకరీ అన్న రెండు మాటల కోసం పల్లెటూరి పిల్లలు ఎంతదూరం పోతారో ఆ పొగ చూసినప్పుడు తెలిసింది. వాళ్లలో ఎవరైనా ఆ రోజు మా పక్క బల్ల దగ్గర కూర్చుని ఆ కవరు చూసి ఉంటే ఏమనుకునేవాడో.

ఇదంతా విని, "అయితే జన్మంతా డ్యూటీ చేస్తనే సావాల్నా?" అన్నాడు. కాదు నాయనా. 20 ఏళ్లు నిండనియ్యి. ఆ తర్వాత స్వచ్ఛంద విరమణ అడగవచ్చు. ఈ రెండేళ్లలో నీ డబ్బుతో, నీ పేరున, ఆఫీసుకు తెలియజేసి ఒక్క ప్లాటు కొను. రెరాలో నంబరుందా చూడు. ఈసీ తీయి. లేఅవుట్ అనుమతి ఉందా చూడు. లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్ 2020 ఆగస్టులో ఆపితే ఆ క్రమబద్ధీకరణకు పాతిక లక్షల మంది అర్జీలు పెట్టుకుని ఏళ్లకేళ్లు తిరిగారు. చెరువు శిఖం భూమి కాదు కదా చూడు. 2024 జూలైలో హైడ్రా వచ్చాక ఏమేం కూలాయో చూశావు. అన్నీ చూసి, కొని, రెండేళ్లు అలాగే ఉంచు. మనసు ఎక్కడుంటుందో గమనించు. ఆదివారాలు ఏమవుతున్నాయో గమనించు. అప్పటికీ ఇదే పని చేయాలనిపిస్తే ఏజెంటుగా రెరాలో పేరు నమోదు చేయించుకుని, ఏజెంటునని చెప్పుకుని చెయ్యి. ఆ రోజు నేనే చెయ్యి పెట్టి ప్రార్థిస్తాను. కానీ ఒక్క షరతు, మన సంఘంలో ఎవరికీ అమ్మవద్దు. బయటివాళ్లకు అమ్మి బ్రతకగలిగితే అది నీ వ్యాపారం. మనవాళ్లు లేకుండా అది నడవకపోతే నువ్వు అమ్ముతున్నది నేల కాదు.

ఈ షరతుకే అతను ఒప్పుకోలేదు. మిగతావన్నీ ఆలోచిస్తానన్నాడు. దీని మీదే ఆ రెండు ఆదివారాలు దూరమయ్యాడని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

మొన్న శనివారం ఇద్దరూ ఇంటికొచ్చారు. రెండు కాగితాలు రాసుకు రమ్మన్నాను, ఒకటి నెల ఖర్చు, ఒకటి మొదటి ఏడాది ఎవరికి అమ్మాలనుకుంటున్నాడో ఆ పేర్లు. మొదటిది ఆమె రాసింది, ఉప్పు పప్పుతో సహా. రెండోది అతను రాసింది. పద్నాలుగు పేర్లు. నేను చదువుతుంటే ఆమె వంగి చూసింది. మూడో పేరు దగ్గర వేలు పెట్టి, "ఈమె బడిల వంట చేసే అక్కనే కదా?" అని భర్తను అడిగింది. అతను ఏమీ అనలేదు. కాగితం నా చేతిలో నుండి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కవరు ఇంకా అతని బ్యాగులోనే ఉంది. వచ్చే సోమవారం ఇస్తాడో లేదో చెప్పలేదు. మీరు ఆ కుటుంబం కోసం ప్రార్థించండి, పేరు అడగవద్దు.